భుజమునకు క్రొత్త కీలు

మోకాలి కీలు మార్పించుకొన్నవారు ఒక్కరైనను లేని బంధువర్గము నేడు అరుదు. పెండ్లిపందిరిలో నలుగురు పెద్దలు కూర్చున్నచో ఒకరు తమ శస్త్రచికిత్స ముచ్చట చెప్పుదురు. తక్కిన మువ్వురును వినుచు తమ మోకాళ్లను తడవి చూచుకొందురు. భుజపు కీలు సంగతి అట్లు కాదు. దానిని సైతము మార్చవచ్చునని చాలమంది ఎరుగరు. మేమును మొన్నమొన్నటివరకు ఎరుగము. ఎరుగకపోవుటవలన మా యింట ఒకరికి నాలుగేండ్ల కష్టము కలిగినది. ఈ ప్రసంగమునకు పూనుకొనుటకు అదియే కారణము.

మా పెద్దమ్మగారు మదీనాగూడలో ఉందురు. మియాపూరునకు, చందానగరునకు నడుమ ముంబయి రహదారి వెంట పెరిగిన పేట అది. పెదనాన్నగారు రామచంద్రాపురపు బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారమున పనిచేసి, విరమించిన పిమ్మట అచ్చట చిన్న యిల్లు కట్టుకొనిరి. ఆనాడు ఇంటి వెనుక ఖాళీ నేలలే. నేడు హైటెక్ సిటీ ఉద్యోగులు నివసించు అంతస్తుల మేడలు చుట్టును లేచినవి. 2017 నవంబరులో మియాపూరునకు మెట్రో రైలు వచ్చినప్పటినుండి జనము మరింత పెరిగినది. వైద్యశాలలకును కొదువ లేదు. అయినను ఒక భుజము చెడుచున్న సంగతిని నాలుగేండ్లు ఎవరమును గుర్తింపలేదు.

ఒక వాననాడు పెద్దమ్మగారు వాకిట జారి కుడి భుజముమీద పడిరి. దగ్గరనున్న ఒక వైద్యశాలలో ఎక్స్‌రే తీసి, ఎముక విరుగలేదని చెప్పి, నొప్పికి మాత్రలిచ్చి పంపిరి. ఎముక విరుగని మాట నిజమే. ఇంటిల్లిపాది ఊరడిల్లితిమి. పిమ్మట ఆమె చేయి ఏడాదికి కొంత చొప్పున క్రిందికి దిగిపోయినది. మొదట అటకమీది ఆవకాయ జాడీ అందలేదు. తరువాత దేవుని గూటిలో దీపము వెలిగించుటకు ఎడమచేతితో కుడిచేతిని ఎత్తి పట్టవలసి వచ్చినది. రాత్రులు ఆ ప్రక్కకు ఒత్తిగిల్లినచో నొప్పికి మెలకువ వచ్చెడిది. వయసు వచ్చినది, వాతము చేసినదని ఆమె అనెడివారు. మేమును అదే అంటిమి. నూనెలు మర్దించితిమి, కాపడము పెట్టితిమి. చివరకు జడ వేసుకొనుట చేతకాక, జుట్టు కత్తిరింపించుకొందునని ఆమె అన్ననాడు గాని మాకు తెలివి రాలేదు.

ఎక్స్‌రేలో ఎముక కనబడును గాని కండరము కనబడదు. పెద్దమ్మగారి భుజమున తెగినది కండరపు బంధనము. ఈ తేడా తెలియవలెనన్నచో భుజపు కీలు ఎట్టిదో కొంచెము చూడవలెను.

తుంటి కీలున తొడయెముక తల లోతైన గుంటలో కుదురుగా కూర్చుండును. ఉగ్గుగిన్నెలో ఇమిడిన సున్నియుండ వలె. భుజమున అట్టి లోతు లేదు. బడిపిల్లల ఆటలలో నోట చెంచా కరచి, చెంచాలో నిమ్మకాయ నుంచి పరుగెత్తు పందెము మీరు చూచియే యుందురు. దండయెముక తల ఆ నిమ్మకాయ. రెక్కయెముక అంచుననున్న చిన్న పల్లము ఆ చెంచా. తలలో మూడవవంతైనను ఆ పల్లములో ఇమడదు. ఇంత వదులుగా ఉన్నందువలననే చేయి ముందుకు, వెనుకకు, తలపైకి, వీపు మీదికి తిరుగగలుగుచున్నది. శరీరమున ఇన్ని దిక్కులకు తిరుగు కీలు మరొకటి లేదు. ఆ స్వేచ్ఛకు వెల కూడ కలదు: నిమ్మకాయను చెంచాలో నిలుపు పని ఎముకలు చేయవు, కండరములు చేయవలెను.

అట్టి కండరములు నాలుగు. రెక్కయెముకనుండి బయలుదేరి, వాటి బంధనములు దండయెముక తలను చొక్కా ముంజేతి పట్టీ వలె చుట్టుకొని పట్టుకొనును. వైద్యులు వాటిని రొటేటర్ కఫ్ అందురు. వాటిపైన భుజమునంతటిని కప్పి డెల్టాయిడ్ అను పెద్ద కండరము కలదు. చేతిని ఎత్తు బలము చాలవరకు దానిది. పడియున్న పొడవాటి నిచ్చెనను గోడకు లేవనెత్తునపుడు ఒకడు దాని అడుగును కాలితో అదిమి పట్టును, రెండవవాడు పైకి నెట్టును. అదుము మనిషి లేనిచో నెట్టువాడు ఎంత బలాఢ్యుడైనను నిచ్చెన ముందుకు జారునే గాని లేవదు. ఆ నాలుగును అదిమి పట్టు మనిషి. డెల్టాయిడ్ నెట్టు మనిషి. నాలుగింటి బంధనములు తెగినచో డెల్టాయిడ్ లాగినపుడెల్ల ఎముక తల పైకి జారి, తన పైకప్పువంటి ఎముకను రాచుకొనును. ఏండ్ల తరబడి రాచుకొన్న పిమ్మట తలమీది నునుపైన మృదులాస్థి అరిగి కీలే చెడును. అమెరికాలోని న్యూయార్కునకు చెందిన శస్త్రవైద్యుడు చార్లెస్ నీర్ ఈ స్థితిని 1983లో వివరముగా వర్ణించెను. మా పెద్దమ్మగారి భుజము సరిగా ఇట్లే అయినది.

భుజపు నొప్పి యన్నంతనే కీలు మార్పిడియని భయపడవలదు. మధుమేహము గలవారికి తరచుగా వచ్చు బిగుసుకొన్న భుజము వేరు. అందు కీలు చుట్టునున్న పొర దళసరియై చేయి ఎటును తిరుగదు. నొప్పియు మిక్కుటముగా ఉండును. కాని అది ఒకటి రెండేండ్లలో, కొందరికి మూడేండ్లలో, వ్యాయామములతో చాలవరకు సడలును. దానికి కీలు మార్చరు. ఎముక విరిగినవారి సంగతియు చెప్పవలెను. ఎముక విరిగినచో పుత్తూరు కట్టుకు పోవుట మనవారికి తాతలనాటి అలవాటు. దండయెముక పైభాగము విరిగినపుడు చేతిని జోలెలో నిలిపి కదలకుండ ఉంచినచో పెద్దవారిలో అనేకులకు అది అతుకుకొనును. ముక్కలు తొలగిన వారిలో సైతము శస్త్రచికిత్స పొందినవారికిని, జోలెతో ఊరకున్నవారికిని రెండేండ్ల తరువాత చెప్పుకోదగిన భేదము కనబడలేదని బ్రిటనులో జరిగి 2015లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలన తేల్చినది. అయితే ఎముక తలయే చీలినను, కీలునుండి తప్పిపోయినను సంగతి వేరు. ఆ భేదము చేతితో తడిమి తెలిసికొనరానిది. కట్టు ఎచ్చట కట్టించుకొన్నను, ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల వైద్యునికి చూపించుట మరువరాదు.

ఇక కీలు మార్చుట ఎవరికి? అరుగుడు వలన గాని, కీళ్లవాతము వలన గాని మృదులాస్థి పోయినవారికి. చాలకాలము స్టెరాయిడ్ మందులు వాడుటవంటి కారణములచే రక్తప్రసారము ఆగి ఎముక తల చచ్చినవారికి. చక్కదిద్దరాని విరుగుడు గలవారికి. పెద్దమ్మగారివలె బంధనములు తెగి కీలు చెడినవారికి. మొదటివారికిని చివరివారికిని చేయు శస్త్రచికిత్సలు ఒకటి కావు. వాటి భేదము వెనుక కొంత చరిత్ర కలదు.

1893లో పారిసునందు జూల్ పియాన్ అను శస్త్రవైద్యుడు క్షయవలన భుజము చెడిన ఒకనికి కృత్రిమపు కీలు అమర్చెను. దంతవైద్యుడొకడు దానిని తయారుచేసెను: ప్లాటినపు గొట్టము, మైనములో మరగించి గట్టిపరచిన రబ్బరు తల. రెండేండ్లు ఆ చేయి పనిచేసినది. పిమ్మట చీముపట్టగా దానిని తీసివేయవలసి వచ్చినది. అటు తరువాత అరువదేండ్లు ఈ విద్య పెద్దగా ముందుకు సాగలేదు. చార్లెస్ నీర్ విరిగిన ఎముక తలకు బదులు లోహపు తలను అమర్చి, తన అనుభవమును 1955లో ప్రకటించెను. 1974 నాటికి అరిగిన కీళ్లకు సైతము లోహపు తలయు, చెంచా స్థానమున పాలిథిలీన్ పల్లెమును అమర్చిన ఫలితములను వెల్లడించెను. ప్రకృతి చేసిన ఆకారమునే అనుకరించు ఈ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. కాని దానికొక షరతు. ఆ నాలుగు కండరములును సరిగా ఉండవలెను. లేనిచో క్రొత్త లోహపు తలయు పాత తలవలెనే పైకి జారును. ప్లాస్టిక్ పల్లెము ఒక ప్రక్క ఒరిగి వదులగును.

అదుము మనిషి లేని భుజమునకు ఉపాయము కనుగొన్నవాడు ఫ్రాన్సులోని దిజోన్ పట్టణపు వైద్యుడు పాల్ గ్రామోన్. 1985లో ఆయన చేసిన పని వినుటకు వింతగా ఉండును. చెంచా ఉండవలసిన చోట గుండును, నిమ్మకాయ ఉండవలసిన చోట గిన్నెను పెట్టెను. అనగా రెక్కయెముకకు గుండును బిగించి, దండయెముక పైకొనకు ప్లాస్టిక్ గిన్నెను అమర్చెను. ఇట్లు చేయగా కీలు తిరుగు కేంద్రము లోపలికిని, క్రిందికిని జరుగును. డెల్టాయిడ్ సాగి బిగువెక్కును. దానికి లాగుటకు పట్టు పెరుగును. తల పైకి జారుటకు తావు లేదు, ఏలన గుండు రెక్కయెముకకే బిగింపబడి యున్నది. నిచ్చెన అడుగునకు నేలలో ఇనుప చీల దిగగొట్టినచో అదిమి పట్టు మనిషి అక్కరలేదు గదా! దీనిని తిరుగమార్పు కీలు అనవచ్చును. వైద్యులు రివర్స్ అనుచున్నారు. నేడు డెబ్బది దాటినవారికి, బంధనములు తెగినవారికి దీనినే ఎక్కువగా చేయుచున్నారు.

ఎం.ఆర్.ఐ. చిత్రములు చూచిన వైద్యుడు ఈ సంగతి చెప్పినపుడు పెద్దమ్మగారు నవ్విరి. “భగవంతుడు పెట్టినదానిని తలక్రిందులు చేస్తే బాగుపడుతుందా నాయనా?” అని మమ్ము అడిగిరి. ఏమి చెప్పుటకును మాకు తోచలేదు. వైద్యుడే కాగితముమీద రెండు బొమ్మలు గీసి చూపి, “ఇది చేయించుకోకపోతే ప్రాణానికి భయం లేదమ్మా. వ్యాయామంతో, మందుతో కొందరు సర్దుకుంటారు. రాత్రి నిద్ర పడుతోందా, చెప్పండి” అని అడిగెను. ఆ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. భుజపు కీలు మార్పిడి తొందరపడి చేయవలసినది కాదు. చేయి ఎంత ఎత్తునకు లేచుచున్నదన్న దానికన్న, నొప్పి ఎంత బాధించుచున్నదన్నదే దాని అవసరమును తేల్చును. పెద్దమ్మగారు రెండేండ్లుగా ఒక్క రాత్రియు సరిగా నిద్రపోలేదని మాకు ఆనాడే తెలిసినది. అంతవరకు ఎవరును అడుగలేదు, ఆమె చెప్పలేదు.

రక్తములో చక్కెర అదుపులోనికి వచ్చువరకు రెండు నెలలు ఆగవలసి వచ్చినది. చక్కెర అధికముగా నున్నచో గాయము మానదు, చీముపట్టు భయము పెరుగును. పొగత్రాగువారు మానవలెను. భుజమునకు ఒక ప్రత్యేకపు చిక్కు కూడ కలదు. చంకలోని రోమకూపములలో నివసించు ఒక సూక్ష్మజీవి, మొటిమలకు కారణమగు జాతిదే, ఎంత శుభ్రపరచినను లోపల దాగియుండును. అది చేరినచో జ్వరము, వాపు వెంటనే రావు. నెలలకో, ఏడాదికో నొప్పిగా బయటపడును. అందుచే మొటిమలకు వాడు బెంజాయిల్ పెరాక్సైడ్ లేపనమును శస్త్రచికిత్సకు ముందు కొన్ని దినములు భుజమునకు రాయుమని కొందరు వైద్యులు చెప్పుచున్నారు.

మత్తు సంగతి అందరును అడుగుదురు. పూర్తి మత్తుతో పాటు మెడ ప్రక్కన సూదిమందుతో చేతి నరములను మొద్దుబరచుట నేడు సాధారణము. మరునాటివరకు చేయి మ్రానువలె ఉండును, దానికి భయపడరాదు. ఆ మందువలన ఆ ప్రక్క డయాఫ్రము అను ఊపిరి కండరము కొన్ని గంటలు బలహీనపడుట కలదు కనుక, ఉబ్బసము మొదలగు ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ముందుగనే చెప్పవలెను. మత్తుమందు క్షేమమును గూర్చిన విచారణకు హైదరాబాదు ఒకనాడు ప్రపంచ ప్రసిద్ధి చెందినదని ఇచ్చట గుర్తుచేయుట అప్రస్తుతము కాదనుకొందుము. 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారమును పరీక్షించిన రెండు సంఘములు ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని పూనికతో, నిజాము ధనసహాయముతో ఈ నగరముననే పనిచేసినవి.

రోగిని పడక కుర్చీలో వాలినట్లు సగము కూర్చుండబెట్టి శస్త్రచికిత్స చేయుదురు. కోత భుజము ముందు భాగమున, సుమారు జానెడు లోపు. డెల్టాయిడ్‌కును, ఱొమ్ము కండరమునకును నడుమ సహజముగా నున్న సందు గుండా లోనికి పోవుదురు. ఆ సందులో ప్రవహించు నీలపు సిర వైద్యునికి దారి చూపును. ముందువైపునున్న బంధనమును జాగ్రత్తగా విడదీసి కీలు తెరతురు. కీలు అడుగున డెల్టాయిడ్‌కు ప్రాణమిచ్చు నరము పోవుచుండును. వైద్యుడు దానిని వ్రేలితో తడిమి ఎచ్చటనున్నదో తెలిసికొని గాని ముందుకు సాగడు. దానికి దెబ్బ తగిలినచో, తిరుగమార్పు కీలు ఎంత చక్కగా అమర్చినను ఎత్తు కండరమే ఉండదు గదా. పిమ్మట చెడిన ఎముక తలను కోసి తీసి, దండయెముక బోలులో లోహపు కాడను దింపుదురు; ఎముక గట్టిగా నున్నచో బిగుతుగా, బోలుగా నున్నచో సిమెంటుతో. సహజాకారపు పద్ధతిలో తీసిన తలను బల్లమీదనే కొలిచి, అదే పరిమాణపు లోహపు తలను ఎన్నుకొందురు. తిరుగమార్పు పద్ధతిలో రెక్కయెముకకు లోహపు పలకను మరలతో బిగించుటయే కష్టమైన పని. ఆ ఎముక చిన్నది, పలుచనిది, లోతున ఉన్నది. పలక కొంచెము పైకి ఒరిగినను తరువాత చిక్కులు తెచ్చును. అందుకే ముందుగా సి.టి. తీయించి, మర ఎటువైపు పోవలెనో కంప్యూటరులో చూచుకొను వైద్యులు పెరుగుచున్నారు. అంతయు రెండు గంటల పని. పెద్దమ్మగారు మూడవనాడు ఇల్లు చేరిరి.

అసలు కథ ఇల్లు చేరిన పిమ్మట మొదలగును. వైద్యుని పని రెండు గంటలు, ఇంటివారి పని మూడు నెలలు.

మొదటి ఆరు వారములు చేయి జోలెలో ఉండవలెను. వ్రేళ్లు, మణికట్టు, మోచేయి మాత్రము మొదటినాటినుండి కదల్చుచుండవలెను. వెల్లకిల పండుకొనుట కష్టము. దిండ్లు పేర్చి సగము కూర్చున్నట్లు నిదురింపవలెను. మోచేయి క్రింద మడతపెట్టిన దుప్పటి నుంచవలెను. మాకు వ్యాయామ చికిత్సకురాలు చెప్పిన గుర్తు ఇది: “పడుకున్నప్పుడు మీ మోచేయి మీ కంటికి కనబడుతూ ఉండాలి.” కనబడుటలేదనినచో చేయి వెనుకకు జారినదన్నమాట. రవిక తొడుగునపుడు ముందు శస్త్రచికిత్స అయిన చేయి, విప్పునపుడు చివర ఆ చేయి. ముందు గుండీలున్న వదులు రవికలు నాలుగు ముందుగనే కుట్టించి యుంచుట మేలు.

తిరుగమార్పు కీలునకు ఒక గండము కలదు. చేయి వీపు వెనుకకు పోయి, శరీరమునకు దగ్గరగా లోపలికి తిరిగినపుడు గిన్నె గుండుమీదినుండి తప్పిపోవచ్చును. మన యిండ్లలో ఈ భంగిమ ఎన్నిమార్లు వచ్చునో లెక్కించిన ఆశ్చర్యము కలుగును. పీటమీదనుండి లేచునపుడు అరచేయి నేలకు ఆనించి లేతుము. కుర్చీ చేతులు వెనుకకు నెట్టి లేతుము. చీర కుచ్చెళ్ల వెనుక భాగము సరిచేసికొందుము, చొక్కా వెనుక దోపుకొందుము. ఇవి మూడు నెలలు పనికిరావు. మరుగుదొడ్డిలో శుభ్రపరచుకొనుట కూడ ఇందులోనిదే. ఎడమ భుజమునకు శస్త్రచికిత్స అయినచో ఇది పెద్ద ఇబ్బంది. సిగ్గుపడి వైద్యుని అడుగకుండుట తగదు. కుడిచేత్తో వాడదగిన నీటి గొట్టమును ముందే అమర్చుకొనవలెను. మా పెదనాన్నగారు పెద్దమ్మగారి కొరకు ఎత్తైన కుర్చీ యొకటి తెచ్చి, ఇంటిలోని పీటలన్నియు మంచము క్రింద దాచిరి.

సహజాకారపు కీలునందు జాగ్రత్త వేరు. విడదీసి మరల కుట్టిన ముందు బంధనము అతుకువరకు చేతిని బయటివైపునకు ఎక్కువగా త్రిప్పరాదు, బరువైన తలుపును తనవైపు లాగరాదు. ఒకరికి చెప్పిన వ్యాయామము మరొకరికి పనికిరాదు కనుక, ఇరుగుపొరుగు సలహాలు విని చేయుట ప్రమాదకరము.

ఆరు వారముల పిమ్మట చికిత్సకురాలి సహాయముతో చేయి ఎత్తుట, తలుపుమీదినుండి వ్రేలాడదీసిన త్రాటి కప్పీతో రెండవచేతి బలముచే లాగుట, వ్రేళ్లతో గోడమీదికి ప్రాకుట. కాఫీ గ్లాసునకు మించిన బరువు అంతవరకు తగదు. పండ్రెండు వారములు దాటిన పిమ్మట బలము పెంచు వ్యాయామములు. స్కూటరు నడుపుట అటు తరువాతి మాట. మెరుగుదల ఏడాది వరకు సాగుచునే యుండును. తొందరపాటు ఎంత చెడ్డదో, నొప్పికి జడిసి చేయి కదల్పకుండుట అంత చెడ్డది. పెద్దమ్మగారికి రెండవ నెలలో విసుగు కలిగినది. పాత చేయియే నయమని రెండు దినములు వ్యాయామము మానిరి. మనుమరాలు గోడమీద సుద్దముక్కతో గీతలు గీసి, ఏనాటికి వ్రేళ్లు ఎంతవరకు పోయినవో తేదీలు వ్రాయుట మొదలుపెట్టగా మరల పట్టుదల వచ్చినది.

చిక్కులు లేకపోలేదు. చీముపట్టుట, నరమునకు దెబ్బ, కీలు తప్పుట, సహజాకారపు కీలున ప్లాస్టిక్ పల్లెము వదులగుట, తిరుగమార్పు కీలున భుజశిఖరపు ఎముక చిట్లుట — ఇవి కొద్దిమందికి కలుగును. అమర్చిన కీళ్లలో నూటికి సుమారు తొంబది పదేండ్ల తరువాతను పనిచేయుచున్నవని అనుభవము. మోకాళ్లతో పోల్చినచో భుజములు మార్చు వైద్యులు తక్కువ. ఏడాదికి ఎన్ని భుజములు చేయుదురని వైద్యుని అడుగుట అమర్యాద కాదు. ఏ పద్ధతి, ఎందుకు అని కూడ అడుగవలెను. ఖర్చు విషయమున ప్రభుత్వ ఆరోగ్య పథకము వర్తించునో లేదో వైద్యశాలలోని ఆరోగ్యమిత్రను ముందుగా విచారించుట మంచిది.

క్రొత్త కీలు పాత కీలు కాదు. నీళ్లు నిండిన బిందె ఎత్తుట, బస్తాలు మోయుట జన్మాంతము మానవలెను. తిరుగమార్పు కీలుతో చేయి తలయెత్తునకు లేచును గాని, వీపు వెనుకకు మునుపటివలె పోదు. రెక్కాడితే గాని డొక్కాడదన్నట్లు బరువు పనిచేసి బ్రతుకు నడివయసువారికి దీనిని సలహా ఇచ్చుటకు వైద్యులు జంకుదురు.

పెద్దమ్మగారికి మూడవ వారముననే రాత్రులు నిద్ర పట్టినది. ఆరవ నెలలో మేము మదీనాగూడ పోయిననాడు ఆమె దేవుని గూటిలో కుడిచేతితోనే దీపము పెట్టిరి. ఎడమచేయి ఊరక వ్రేలాడుచున్నది. ఆవకాయ జాడీ మాత్రము అటకమీదికి మరల ఎక్కలేదు, క్రింది అరలోనే ఉన్నది. జడ ఇప్పటికిని కోడలే వేయుచున్నది. జుట్టు కత్తిరింపించుకొనుమాట ఆమె మరల ఎత్తలేదు.